అనంతం ఉందా? ఉంటే ఎక్కడ?

అందరికీ నమస్కారం. ఈ సభకు నాకిచ్చిన విషయం ఒకే ఒక్క ప్రశ్న: అనంతం నిజంగా ఉందా? ఉపోద్ఘాతం పెట్టుకోకుండా నేరుగా లోపలికి వెళ్తాను.

1925 జూన్ 4న జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో డేవిడ్ హిల్బర్ట్ ఇదే విషయం మీద మాట్లాడాడు. వయర్‌స్ట్రాస్ అనే గణితవేత్త గౌరవార్థం పెట్టిన సభ అది. అప్పటికి ప్రపంచంలో అందరికన్నా పేరున్న గణితవేత్తల్లో హిల్బర్ట్ ఒకడు. ఆ రోజు ఆయన రెండు మాటలన్నాడు. కాంటర్ మనకోసం సృష్టించిన స్వర్గం నుంచి మనల్ని ఎవరూ వెళ్లగొట్టలేరు అన్నది మొదటిది. ఆ స్వర్గం అంటే గేయార్గ్ కాంటర్ అనే గణితవేత్త కట్టిన అనంత సమితుల గణితం. వాస్తవంలో అనంతం ఎక్కడా కనబడదు, ప్రకృతిలో అది లేదు అన్నది రెండోది. లేనిదాన్ని స్వర్గం అనడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. నేను చెప్పబోయేదంతా ఈ రెండు మాటలూ కలిసి ఎలా నిలబడతాయన్నదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత. భౌతిక ప్రపంచంలో అనంతమైనది ఏదీ ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. దొరికిందని రుజువు చేసే దారి కూడా నాకు కనబడటం లేదు. అయినా అనంతం వట్టి ఊహ అనడానికి నేను సిద్ధంగా లేను. మామూలు, పరిమితమైన సంఖ్యల గురించిన కొన్ని నిజాలున్నాయి. అనంతాన్ని ఏదో ఒక రూపంలో ఒప్పుకుంటే తప్ప అవి మన చేతికి రావు. హిల్బర్ట్ దాన్ని ఒక సాధనంగానే చూశాడు. పని అయ్యాక పక్కన పెట్టేయవచ్చని, పరిమితమైన తర్కంతోనే దాని భద్రతకు హామీ ఇవ్వవచ్చని అనుకున్నాడు. అక్కడే ఆయనతో నాకు పేచీ.

ముందు ఒక తేడా గుర్తుపెట్టుకుందాం. ఇది అరిస్టాటిల్ నాటిది. 1, 2, 3 అని లెక్కపెడుతూ పోతే ఎక్కడా ఆగాల్సిన పని లేదు. ఎంత పెద్ద సంఖ్య దగ్గరైనా ఇంకొకటి కలపవచ్చు. దీన్ని కొనసాగే అనంతం అందాం. ఆ సంఖ్యలన్నీ ఇప్పటికే, ఒకేసారి, పూర్తిగా ఉన్నాయి, వాటిని కలిపి ఒక మొత్తంగా తీసుకోవచ్చు అంటే అది పూర్తయిన అనంతం. అరిస్టాటిల్ మొదటిదాన్ని ఒప్పుకున్నాడు, రెండోదాన్ని ఒప్పుకోలేదు. గణితం చేసేవాళ్లకు రెండోదాని అవసరమే లేదని కూడా అన్నాడు.

ఆ జాగ్రత్త యూక్లిడ్‌లో కూడా కనబడుతుంది. ప్రధాన సంఖ్యలు అనంతం అని మనం బడిలో చదువుకున్నాం. యూక్లిడ్ అలా రాయలేదు. మీరు ఎన్ని ప్రధాన సంఖ్యలు తెచ్చి ముందు పెట్టినా, వాటికన్నా ఎక్కువే ఉన్నాయి అని రాశాడు. అన్ని ప్రధాన సంఖ్యల సమూహం అనే వస్తువు ఆయన వాక్యంలో లేదు. రెండు వేల ఏళ్లకు పైగా ఇదే మర్యాద నడిచింది. 1831లో గౌస్ ఒక ఉత్తరంలో, అనంత పరిమాణాన్ని పూర్తయిన వస్తువుగా వాడటానికి తాను ఒప్పుకోనని, గణితంలో అది ఎప్పటికీ తగదని గట్టిగా రాశాడు. గౌస్ అంతటివాడు అలా అన్నాక ఇంకొకరు నోరెత్తడం సులభం కాదు.

మన వైపు ఆలోచన కొంచెం వేరే దారిలో సాగింది. జైన గ్రంథకారులు సంఖ్యలను సంఖ్యేయం, అసంఖ్యేయం, అనంతం అని మూడుగా విభజించి, ఒక్కోదానిలో మళ్లీ తరగతులు పెట్టారు. అనంతంలోనూ తరతమాలు ఉండవచ్చన్న ఊహ అందులో ఉంది. నిరూపణ లేదు, కానీ ఆ ఊహకే ఎంత ధైర్యం కావాలో చూడండి. సున్నాతో భాగిస్తే ఏమవుతుందన్న ప్రశ్న కూడా మనవాళ్లను చాలాకాలం వేధించింది. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు, పావులూరి మల్లన తెలుగు చేసిన గణితం ఆయనదే, సున్నాతో భాగిస్తే సంఖ్య మారదన్నాడు. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు అది ఖహరం అనే వేరే రాశి అన్నాడు. దానికి ఎంత కలిపినా, దాన్నుంచి ఎంత తీసినా మార్పు ఉండదు, ప్రళయంలో జీవులు లయమైనా, సృష్టిలో మళ్లీ పుట్టినా అచ్యుతుడిలో మార్పు లేనట్టే అని పోలిక చెప్పాడు. సున్నాతో భాగించడాన్ని ఇవాళ మనం ఒప్పుకోం. కానీ కలిపినా తీసినా మారకపోవడం అన్న లక్షణాన్ని ఆయన సరిగ్గా పట్టుకున్నాడు.

ఆ లక్షణమే 1638లో గెలీలియోను ఇబ్బంది పెట్టింది. 1, 4, 9, 16 ఇలా వర్గాలను తీసుకోండి. సంఖ్యల మధ్య ఇవి పలచగా ఉంటాయి, పైకి పోయేకొద్దీ ఇంకా పలచబడతాయి. కానీ ప్రతి సంఖ్యకూ ఒక వర్గం ఉంది, ప్రతి వర్గానికీ ఒక మూలం ఉంది. 1కి 1, 2కి 4, 3కి 9. జతలు కట్టుకుంటూ పోతే ఇటు గానీ అటు గానీ ఏదీ మిగలదు. మరి ఏవి ఎక్కువ? గెలీలియో చివరికి, ఎక్కువ, తక్కువ, సమానం అనే మాటలు అనంతానికి వర్తించవని తేల్చాడు. అది నిజాయితీ గల జవాబే. కాకపోతే తలుపు అక్కడితో మూసుకుపోయింది.

ఆ తలుపు తెరిచింది గేయార్గ్ కాంటర్. 1845లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు, జర్మనీలోని హాలే విశ్వవిద్యాలయంలో జీవితమంతా పాఠాలు చెప్పాడు. ఆయన చేసిన మొదటి పని, గెలీలియో దేన్ని చూసి వెనక్కి తగ్గాడో దాన్నే కొలతగా పెట్టుకోవడం. ఈ హాలులో కుర్చీలెన్నో మనుషులెందరో లెక్కపెట్టకుండానే, ఒక్క కుర్చీ ఖాళీ లేకుండా ఒక్క మనిషీ నిలబడకుండా ఉంటే రెండూ సమానమని చెప్పేస్తాం. జత కుదిరితే సమానం. అనంతానికీ ఇదే సూత్రం. అప్పుడు వర్గాలూ సహజ సంఖ్యలూ సమానమే. భిన్నాలన్నీ కూడా సహజ సంఖ్యలతో సమానమే. ఇక్కడిదాకా వింటే, సరే, అనంతాలన్నీ ఒకటేనన్నమాట అనిపిస్తుంది. కాంటర్ 1874లో అలా కాదని నిరూపించాడు. 1891లో అదే విషయానికి ఇంకా సరళమైన నిరూపణ ఇచ్చాడు. దాన్ని ఇప్పుడు మీకు పూర్తిగా చెప్తాను, ఎందుకంటే దీన్ని విని అర్థం చేసుకోవడానికి కూడికలు కూడా రానక్కర్లేదు.

0, 1 అనే రెండు అంకెలతో అంతులేని వరుసలు రాస్తామనుకోండి. అన్నీ సున్నాలే ఉన్నది ఒక వరుస. 0, 1, 0, 1 అని మారుతూ పోయేది ఇంకొకటి. ఇలాంటి వరుసలన్నిటికీ జాబితా వేశాను, ఒకటోది, రెండోది, మూడోది అని నంబర్లు ఇచ్చాను, ఒక్కటీ వదల్లేదు అని ఎవరో వచ్చి చెప్పారనుకోండి. నేను ఆ జాబితా తీసుకుని కొత్త వరుస ఒకటి రాస్తాను. జాబితాలో ఒకటో వరుస తీసి దాని ఒకటో అంకె చూస్తాను. అది 0 అయితే నేను 1 రాస్తాను, 1 అయితే 0 రాస్తాను. రెండో వరుసలో రెండో అంకె చూసి దాన్ని తిరగేసి రాస్తాను. మూడో వరుసలో మూడో అంకె. ఇలా పోతే నా వరుస ఒకటోదానితో ఒకటో చోట తేడా, రెండోదానితో రెండో చోట తేడా, వెయ్యోదానితో వెయ్యో చోట తేడా. అంటే నా వరుస ఆ జాబితాలో ఎక్కడా లేదు. సరే, దీన్ని కూడా చేరుస్తాను అంటారా? చేర్చండి, కొత్త జాబితాకు మళ్లీ ఇదే పని చేస్తాను. ఏ జాబితా తెచ్చినా అందులో లేని వరుస ఒకటి ఉండి తీరుతుంది. ఈ వరుసలు సహజ సంఖ్యలకన్నా ఎక్కువ, ఎంత తంటాలు పడినా జత కుదరనంత ఎక్కువ. గీత మీద బిందువులూ ఇన్నే.

ఈ నిరూపణలో ఎక్కడా మాయ లేదు. మొదటిసారి విన్నవాళ్లు ఎక్కడో మోసం ఉందని వెతుకుతారు. వెతకాలి కూడా. కాంటర్‌కే తన ఫలితాలు మింగుడు పడలేదు. ఒక చదరంలో ఎన్ని బిందువులున్నాయో దాని ఒక్క అంచు మీదా అన్నే ఉన్నాయని తేలినప్పుడు, 1877లో మిత్రుడు డెడికిండ్‌కు రాసిన ఉత్తరంలో, చూస్తున్నాను కానీ నమ్మలేకపోతున్నాను అని ఫ్రెంచిలో రాశాడు.

ఇప్పుడు నిరూపణలు పక్కనపెట్టి ఉనికి సంగతి చూద్దాం. అనంత సమితి ఒకటి ఉందని గణితం ఎప్పుడైనా నిరూపించిందా? డెడికిండ్ ప్రయత్నించాడు. 1888లో ఆయన ఇచ్చిన వాదన ఇది: నా ఆలోచనల లోకాన్ని తీసుకోండి. నేను దేన్ని గురించైనా ఆలోచించగలిగితే, ‘దీని గురించి నేను ఆలోచించగలను’ అన్నది మరో ఆలోచన. దాని గురించి ఇంకొకటి. ఇలా నా ఆలోచనల లోకం అనంతం. చదివితే ముచ్చటేస్తుంది. కానీ గణితంలో ఇది నిలబడలేదు. ఏ మనిషీ అన్ని ఆలోచనలు చేయడు. అన్ని ఆలోచనల సమూహం అన్న భావనలోనే చిక్కులున్నాయని తర్వాతి పదిహేనేళ్లలో బయటపడింది. 1908లో జెర్మెలో సమితులకు నియమాలు రాసినప్పుడు ఇక నిరూపణ జోలికి పోలేదు. అనంత సమితి ఒకటి ఉంది అని ఒక స్వీకృతంగా, అంటే నిరూపణ అడగకుండా ఒప్పుకునే నియమంగా, పెట్టేశాడు. మిగతా స్వీకృతాల నుంచి దాన్ని రాబట్టడం సాధ్యం కాదు. అది లేకుండానే, పరిమిత సమితులతో మాత్రమే నిండిన గణిత లోకం ఒకటి ఏ వైరుధ్యమూ లేకుండా నడుస్తుంది. ఈ సంగతి బయట ఎక్కువమందికి తెలియదు. ఇవాళ్టి గణితంలో అనంతం ఉనికికి నిరూపణ లేదు. మనం దాన్ని ఒప్పుకున్నాం, ఒప్పుకున్నాక ఏం వస్తుందో చూశాం.

ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. క్రోనెకర్ కాంటర్ బతికుండగానే ఎదురు నిలిచాడు. ఇరవయ్యో శతాబ్దంలో బ్రౌవర్, పూర్తయిన అనంతం గురించి ‘ఇది గానీ దాని వ్యతిరేకం గానీ నిజం కావాలి’ అనే తర్క నియమమే వాడకూడదన్నాడు. కానీ నాకు అందరికన్నా ఇష్టమైన ప్రత్యర్థి అలెగ్జాండర్ యెసెనిన్-వోల్పిన్. రష్యన్ కవి సెర్గేయ్ యెసెనిన్ కొడుకు, తానూ కవి, సోవియట్ కాలంలో హక్కుల కోసం నిలబడి శిక్షలు అనుభవించిన మనిషి. ఆయనకు పూర్తయిన అనంతమే కాదు, మరీ పెద్ద పరిమిత సంఖ్యల మీద కూడా నమ్మకం లేదు. అమెరికన్ తర్కవేత్త హార్వే ఫ్రీడ్‌మన్ ఆయన్ను ఒకసారి అడిగాడట: 2 ఉందా? వెంటనే ఉందన్నాడు. 2 వర్గం, 4 ఉందా? ఒక క్షణం ఆగి ఉందన్నాడు. 8 ఉందా? ఇంకొంచెం ఆగి ఉందన్నాడు. కాసేపటికి ఫ్రీడ్‌మన్‌కు అర్థమైంది, ఆయన ప్రతిదానికీ ఉందనే అంటాడు, కానీ 2 యొక్క నూరో ఘాతం దగ్గరికి వచ్చేసరికి దానికి తగినంత సేపు తీసుకుంటాడు.

ఆ జవాబులో పెద్ద సవాలుంది. నా దగ్గరికి వచ్చి, నువ్వు కొనసాగే అనంతాన్ని ఒప్పుకున్నావు, అది మాత్రం నీకు ఎవరిచ్చారు అని ఆయన అడుగుతున్నట్టే. ఎంత పెద్ద సంఖ్యకైనా ఒకటి కలపవచ్చు అన్నాను. ఎవరు కలుపుతారు? ఎంత కాలంలో? కనబడే విశ్వంలోని పరమాణువులన్నీ కలిపి సుమారు 1 పక్కన 80 సున్నాలు పెట్టినన్ని. అంతకన్నా ఎన్నో రెట్లు అంకెలున్న సంఖ్యను ఎవరూ ఎక్కడా రాయలేరు. దీనికి నా దగ్గరున్న జవాబు ఒక్కటే, అది ఒక ఉదాహరణ.

1944లో గుడ్‌స్టైన్ అనే గణితవేత్త ప్రచురించిన ఫలితం ఇది. 4 తీసుకోండి. 2 భూమిగా రాస్తే, అంటే 2 ఘాతాలతో రాస్తే, అది 2 యొక్క రెండో ఘాతం. ఇప్పుడు 2 ఉన్న ప్రతిచోటా, ఘాతంలో ఉన్నా సరే, 3 పెట్టండి. 3 యొక్క మూడో ఘాతం, 27. అందులోంచి 1 తీసేయండి, 26. ఈ 26ను 3 భూమిగా రాయండి: రెండు తొమ్మిదులు, రెండు మూళ్లు, ఒక రెండు. 3 ఉన్నచోట 4 పెట్టండి: రెండు పదహార్లు, రెండు నాలుగులు, ఒక రెండు, మొత్తం 42. ఒకటి తీసేస్తే 41. తర్వాత భూమి 5 చేసి ఒకటి తీస్తే 60. తర్వాత 83. ప్రతిసారీ భూమిని పెంచడం, ఒకటి తీసేయడం. 4, 26, 41, 60, 83 ఇలా పెరుగుతూ పోతోంది కదా? పెంచేది అంత పెద్ద ఎత్తున, తీసేది కేవలం ఒకటి. అయినా ఈ వరుస చివరికి సున్నాకు చేరి ఆగిపోతుంది. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా అంతే.

నమ్మశక్యంగా లేదు కదా. 4తో మొదలుపెడితే ఎన్ని అడుగులు పడతాయో లెక్క కట్టారు. 2ను 40,26,53,211 సార్లు వేసుకుని గుణించి, దాన్ని మూడు రెట్లు చేస్తే ఎంతో దాదాపు అన్ని. ఆ సంఖ్య రాయాలంటేనే 12 కోట్లకు పైగా అంకెలు కావాలి. కంప్యూటర్లో నడిపి చూడటం అసంభవం. మరి ఆగుతుందని ఎలా తెలిసింది? గుడ్‌స్టైన్ చేసిన పని, ప్రతి అడుగులోనూ 3, 4, 5 అని మారుతున్న ఆ భూమి స్థానంలో కాంటర్ కనిపెట్టిన మొదటి అనంత క్రమసంఖ్యను, అంటే 1, 2, 3 అన్నీ అయ్యాక వచ్చే ఒమేగాను, పెట్టడం. అప్పుడు భూమి మారడం వల్ల వచ్చే పెరుగుదల మాయమవుతుంది, ఎందుకంటే ప్రతిచోటా ఉన్నది అదే ఒమేగా. మిగిలేది ఒకటి తీసేయడం వల్ల వచ్చే తగ్గుదల. కాంటర్ క్రమసంఖ్యలకు ఒక గుణం ఉంది: ఎంత పైనుంచి దిగడం మొదలుపెట్టినా, పరిమితమైన అడుగుల్లో కిందికి చేరాల్సిందే. కాబట్టి పైన మన మామూలు సంఖ్యల వరుస కూడా ఆగాల్సిందే.

ఇంతవరకే అయితే ఇది ఒక అందమైన నిరూపణ, అంతే. అనంతం లేకుండా వేరే దారి ఏదో ఉండి ఉండవచ్చు అనుకోవచ్చు. 1982లో కర్బీ, పారిస్ అనే ఇద్దరు అలాంటి దారి లేదని చూపించారు. సహజ సంఖ్యల గురించి మాత్రమే మాట్లాడే పేయానో అంకగణితంలో, అంటే కూడిక, గుణకారం, మనం కాలేజీలో నేర్చుకునే గణితానుగమనం, వీటితో మాత్రమే ఈ సిద్ధాంతాన్ని నిరూపించడం సాధ్యం కాదు. ఇక్కడ సూక్ష్మం ఒకటి గమనించండి. 4కు ఆగుతుంది, 5కు ఆగుతుంది, 100కు ఆగుతుంది అని ఒక్కో సంఖ్యకూ విడివిడిగా ఆ అంకగణితంలోనే నిరూపించవచ్చు. దానికి అందనిది అన్ని సంఖ్యలకూ కలిపి చెప్పే వాక్యం. ఆ ఒక్క వాక్యం కోసం అనంతపు మెట్ల దగ్గరికి పోవాల్సి వచ్చింది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. ఆ క్రమసంఖ్యలను నిజమైన అనంతాలుగా చూడక్కర్లేదు, కాగితం మీద గుర్తులుగా చూస్తే చాలు అంటారు. ఒప్పుకుంటాను, గుర్తులుగానే చూడండి. కానీ ఆ గుర్తుల మీద దిగుతూ పోతే ఎప్పటికైనా ఆగుతామన్న నమ్మకం ఎక్కడిది? అది పేయానో అంకగణితం ఇచ్చింది కాదు. పేరు ఏదైనా పెట్టుకోండి, అక్కడ మనం పరిమితాన్ని దాటి ఏదో ఒప్పుకున్నాం. హిల్బర్ట్ ఆశ కూడా ఇక్కడే తెగింది. అనంతం వాడినందువల్ల ప్రమాదమేమీ లేదని పరిమితమైన తర్కంతో ఒకసారి రుజువు చేసేస్తే సరిపోతుందని ఆయన అనుకున్నాడు. 1931లో గోడెల్ తన అసంపూర్ణతా సిద్ధాంతాలతో అలాంటి రుజువు ఆయన కోరిన రూపంలో దొరకదని తేల్చాడు.

అందుకే నేను అంటున్నాను: ఉండటం అంటే చేతికి తగలడమే అయితే 7 అనే సంఖ్య కూడా లేదు. ఏడు రాళ్లు ఉంటాయి, 7 ఎక్కడా ఉండదు. 7ను ఏ అర్థంలో ఉందంటామో ఆ అర్థంలో సహజ సంఖ్యలన్నిటి మొత్తాన్నీ ఉందనడానికి నాకు సంకోచం లేదు, ఎందుకంటే అది లేదనుకుంటే పరిమిత సంఖ్యల గురించిన నిజాలే కొన్ని జారిపోతున్నాయి.

ఇదే ధీమా పెద్ద అనంతాల విషయంలో నాకు లేదు. గీత మీద బిందువుల సంగతి చూడండి. కంప్యూటర్ ప్రోగ్రామ్ అంటే పరిమితమైన అక్షరాల వరుస. కాబట్టి ప్రోగ్రాములన్నిటికీ జాబితా వేయవచ్చు. వాస్తవ సంఖ్యలకు, అంటే గీత మీద బిందువులకు, వేయలేమని ఇందాక చూశాం. అంటే వాస్తవ సంఖ్యల్లో అత్యధిక భాగం, వాటి అంకెలను ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చే ప్రోగ్రామ్ ఏదీ లేనివి. పై (π) అనే సంఖ్యకు ప్రోగ్రామ్ ఉంది, 2024 నాటికే దాని అంకెలు 200 లక్షల కోట్లకు పైగా లెక్కగట్టారు. మిగతా ఆ జనసందోహాన్ని ఎవరూ చూడలేదు, చూడలేరు. సహజ సంఖ్యల అనంతానికీ బిందువుల అనంతానికీ మధ్య ఇంకొకటి ఉందా అని కాంటర్ జీవితాంతం వెతికాడు. మామూలు స్వీకృతాలతో లేదని కాదనలేమని గోడెల్, ఉందని కాదనలేమని 1963లో పాల్ కోహెన్ చూపించారు. అవి రాళ్లలాగా అక్కడ ఉంటే ఏదో ఒక జవాబు ఉండాలి. జవాబు ఉంది, ఇంకా దొరకలేదు అని నమ్మే గొప్ప గణితవేత్తలు ఉన్నారు. నేను ఆ గట్టు మీద నిలబడలేకపోతున్నాను.

ఇక ప్రకృతి. భౌతికశాస్త్రంలో లెక్క చేస్తుంటే అనంతం వచ్చిందంటే శాస్త్రవేత్తలు పండగ చేసుకోరు, ఎక్కడో తప్పిందని చూస్తారు. పందొమ్మిదో శతాబ్దపు సూత్రాలను చివరిదాకా లాగితే, వేడిగా ఉన్న ఏ డబ్బా అయినా అతినీలలోహిత కిరణాల వైపు అనంత శక్తిని వెదజల్లాలి. 1900లో ప్లాంక్‌తో మొదలైన క్వాంటం లెక్కతో అది పరిమితమైంది. ఎలక్ట్రాన్ లెక్కల్లో వచ్చిన అనంతాలను 1940ల చివర్లో ఫైన్‌మన్, ష్వింగర్, తొమొనాగ ఒక పద్ధతి ప్రకారం తొలగించారు. ఆ తర్వాత సిద్ధాంతమూ ప్రయోగమూ పది దశాంశాలకు పైగా కలుస్తున్నాయి. అయినా డిరాక్ ఆ పద్ధతితో చివరిదాకా రాజీపడలేదు. కృష్ణబిలం లోపల సాంద్రత అనంతం అని మనం తరచూ వింటాం. 1965లో పెన్‌రోజ్ నిరూపించింది దానికన్నా జాగ్రత్తైన సంగతి: సాపేక్ష సిద్ధాంతం ప్రకారం అక్కడ కాంతి దారి అర్ధాంతరంగా ఆగిపోతుంది, ఆపైన ఏమవుతుందో ఆ సిద్ధాంతం చెప్పలేదు. ఎక్కువమంది భౌతికశాస్త్రవేత్తలు దాన్ని సిద్ధాంతం హద్దుగా చూస్తారు, అనంతం దొరికిన చోటుగా చూడరు. నేనూ అలాగే చూస్తాను.

చిన్నవైపు కూడా ఇంతే. స్థలాన్ని ఎంతైనా ముక్కలు చేయవచ్చన్నట్టుగా సమీకరణాలు రాస్తాం. కానీ ఇవాళ అత్యంత నిక్కచ్చిగా కొలిచే ఆప్టికల్ గడియారాలు 18 దశాంశాల దగ్గర ఉన్నాయి. గ్రహాల మధ్య నౌకలను నడపడానికి నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ π విలువలో వాడేది 15 దశాంశాలు. అంతులేని దశాంశాలు సమీకరణంలో ఉన్నాయి, కొలతలో ఎప్పుడూ లేవు.

మిగిలింది ఆకాశం. ఒకవేళ ఎక్కడైనా పూర్తయిన అనంతం ఉంటే అది ఇక్కడే. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. మనకు కనబడే భాగం అన్ని వైపులా సుమారు 4,600 కోట్ల కాంతి సంవత్సరాలు. అది పరిమితం. దాని అవతల? స్థలానికి వక్రత, అంటే వంపు, ఉందేమోనని కొలిచారు. అర శాతం లోపు అనిశ్చితితో సున్నా అని వస్తోంది. సున్నా అంటే అనంతం అని చాలాచోట్ల రాస్తుంటారు, అది సరి కాదు. వక్రత సున్నాగా ఉండి కూడా, ఒక వైపు పోతే ఇంకో వైపు నుంచి తిరిగివచ్చేలా మూసుకుని ఉండవచ్చు. అలా ఉంటే విశ్వం తొలినాళ్ల నుంచి మనకు చేరుతున్న ఆది కాంతిలో జంట వలయాలు, అంటే ఆకాశంలో రెండు వేర్వేరు చోట్ల ఒకేలాంటి వలయాలు, కనబడవచ్చని వెతికారు, కనబడలేదు. మూసుకున్న పరిమాణం మన చూపుకన్నా పెద్దదైతే కనబడవు కూడా.

ఇక్కడ రెండు పక్షాలకూ సమాన అవకాశం లేదని గమనించండి. రేపు ఎవరైనా వక్రత ధనాత్మకమని కచ్చితంగా కొలిస్తే, విశ్వం అంతటా ఒకే తీరుగా ఉందన్న షరతు మీద, స్థలం పరిమితమని తేలిపోతుంది. జంట వలయాలు కనబడినా తేలిపోతుంది. కానీ అనంతం అని తేల్చే కొలత ఒక్కటీ లేదు. ఎంత దూరం చూసినా అది ఇంకా ఒక పరిమిత దూరమే. విశ్వం నిజంగా అనంతమే అయినా, ఆ నిజం మనకు కొలతగా ఎప్పటికీ అందదు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

[సభలో నుంచి ప్రశ్న: విశ్వం అనంతమైతే జరగగలిగినదంతా ఎక్కడో జరిగి తీరాలని, మనలాంటి మనుషులే ఇంకోచోట ఉంటారని అంటారు. నిజమేనా?]

మంచి ప్రశ్న అడిగారమ్మా. ఇందులో రెండు సంగతులు కలిసిపోతున్నాయి. అనంతంగా ఉండటం వేరు, అన్నీ ఉండటం వేరు. సరి సంఖ్యలు అనంతం, కానీ వాటిలో 3 లేదు. కాబట్టి విశ్వం అనంతం అన్నంత మాత్రాన మీలాంటి ఇంకొకరు ఉన్నారని రాదు. ఆ వాదన నిలబడాలంటే ఇంకా రెండు ఒప్పుకోవాలి. ఒక పరిమిత స్థలంలో పదార్థం ఉండగలిగే తీరులు పరిమితం అన్నది మొదటిది. క్వాంటం సిద్ధాంతంలో దీనికి కొంత బలం ఉంది. విశ్వమంతటా ఆరంభ పరిస్థితులు ఏ పక్షపాతమూ లేకుండా, యాదృచ్ఛికంగా పరుచుకుని ఉన్నాయన్నది రెండోది. దానికి కనబడే విశ్వం బయట ఆధారం లేదు. ఈ మూడూ కలిస్తే మీరన్నది వస్తుంది. ఒక్కటి తప్పినా రాదు.